నీడ పళ్ళెం

ఆ వేసవి గురించి అడిగితే మా అమ్మాయి చినత్సు "నేను ఈత నేర్చుకున్న వేసవి" అంటుంది. మా అత్తగారు బతికుంటే "ఊమె కాయలు విరగకాసిన ఏడు" అనేది. నేను మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

మా ఆయన కురాతా తమోత్సు. మా దీవి మొత్తానికి ఒక్కడే డాక్టరు. డెబ్బై తొమ్మిదో సంవత్సరం డిసెంబరు మొదట్లో, కంబోడియా యుద్ధం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ళు థాయ్ సరిహద్దులో గుడారాల కింద పడి ఉన్నారనీ, అక్కడికి డాక్టర్లు కావాలనీ పేపర్లో చదివాడు. చదివిన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నప్పుడే నాకు అర్థమైంది. "ఆర్నెల్లే సుమియె, ఊమె కాయలు కోసే నాటికి వచ్చేస్తాను" అని వెళ్ళాడు. పుల్లటి ఊమె కాయలు పండాయి, కోశాం, ఉప్పులో ఊరేశాం, జూలై ఎండలో చాపల మీద ఆరబెట్టి మళ్ళీ జాడీలకెత్తాం. మనిషి మాత్రం రాలేదు.

దూరం వెళ్ళిన మనిషికి ఇంట్లో పూటపూటా అన్నం పెట్టడం మావాళ్ళ ఆనవాయితీ. నీడ పళ్ళెం అంటారు. ఇక్కడ పెట్టింది అక్కడ ఆ మనిషి కడుపులో పడుతుందని నమ్మకం. మా అత్తగారు షిగెయో రోజూ పొద్దున్నే కొడుకు ఫోటో ముందు, సముద్రం వైపు కిటికీ కింద, పళ్ళెంలో అన్నం, మిసో చారు, కాల్చిన చేపముక్క పెట్టేది. కాసేపాగి అన్నం గిన్నె మూత తీసి లోపల చూసేది. మూతకి చెమ్మ పడితే మనిషి క్షేమం.

"చూశావా, చెమ్మ. వాడు బాగున్నాడు" అంది ఒకరోజు, మూత నా ముక్కు దగ్గర పెట్టి.

నాకు ఒళ్ళు మండింది. అంతకుముందు రోజే ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఇంకా రెండు నెలలు పడుతుందని. "పొగలు కక్కే అన్నం మీద మూత పెడితే చెమ్మ పట్టక ఇంకేం పడుతుంది అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ మూత మళ్ళీ గిన్నె మీద పెట్టేసింది. "ఓసి పిచ్చిదానా, ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావా? యుద్ధానికెళ్ళిన మీ మామగారికి మూడేళ్ళు పెట్టాను. అందులో ఏడాదిన్నర ఆయన బర్మా మట్టిలో పడున్నాడు. మనకి కబురు రాలేదు, అంతే. చెమ్మ మాత్రం ఒక్కనాడు తప్పలేదు."

"మరి తెలిసీ ఎందుకండీ?"

"ఎవరో తెలివైన ఆడదే పెట్టి ఉంటుంది ఈ ఆనవాయితీ. రోజూ బాగున్నాడనే చెప్పే మూత ఒకటి లేకపోతే ఆడవాళ్ళు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తారా?" అని చారు తాగడం మొదలుపెట్టింది. ఆ తరవాత చెమ్మ మీద నేను వేళాకోళం చెయ్యలేదు.

ఆయన ఉత్తరాల సంగతి చెప్పాలి. ఊళ్ళో మొగుళ్ళు చేపల వేటకి పోయి పది రోజులకే "నీ చేతి వంట గుర్తొస్తోంది" అని రాసేవాళ్ళు. మా ఆయన ఎనిమిది నెలల్లో రాసింది మరుగుదొడ్ల గురించి. "ఈ వారం నూట పది మరుగుదొడ్లు తవ్వించాం. బావికీ దొడ్డికీ మధ్య దూరం చాలదని ఇరవై పూడ్పించాను. తట్టు టీకాలు పిల్లలందరికీ అయిపోయాయి. ఆస్పత్రి గుడారంలో సగం మంచాలు ఖాళీ. ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను." అంతే. నేను ఎలా ఉన్నానని ఆఖరి వరసలో ఒక ముక్క. మనిషి తీరే అంత. దీవికి వచ్చిన కొత్తలో ఇంటింటికీ తిరిగి బావులకి మూతలు పెట్టించాడు, నీళ్ళు కాచి తాగండని వెంటపడి పోరాడు. అయిదేళ్ళలో విరేచనాల జబ్బు దీవి మీద లేకుండా పోయింది. దాంతో ఆస్పత్రి వరండాలో పిల్లి పడుకునేది. "డాక్టరంటే మందిచ్చేవాడు కాదు సుమియె, మందు అక్కర్లేకుండా చేసేవాడు" అనేవాడు. జబ్బుల్లేని ఊళ్ళో డాక్టరుకి తోచక పోయినట్టే ఉంది.

ఆస్పత్రికి బుధవారం బుధవారం ఇమబారి నుంచి ఒక ముసలి డాక్టరు పడవలో వచ్చి వెళ్ళేవాడు. సముద్రం పోటు మీదుంటే రాడు. జనం గొణిగేవాళ్ళు. చేపలమ్ముకునే హమా అయితే బండి మా గుమ్మంలో ఆపి మొహం మీదే అనేది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు అమ్మాయ్. ఈయనేంటి, ఇంట్లో గిన్నె బోర్లించి పరాయి ఊరికి వంట చేస్తున్నాడు? నా మోకాలు చూడు, గుమ్మడికాయలా ఉంది. ఎవరికి చూపించుకోను?"

"బుధవారం వచ్చే ఆయనకి చూపించు."

"ఆయనకే ఎవరైనా చూపించాలి. మొన్న నా మోకాలు పట్టుకుని భుజం ఎలా ఉందని అడిగాడు." నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది. హమా చూడనట్టు నటించి ఇంకో చేప ఊరికే వేసి పోయింది.

జూలై ఆఖరి వారంలో టోక్యో నుంచి, ఆయన్ని అక్కడికి పంపిన సంస్థవాళ్ళ ఉత్తరం వచ్చింది. ఆస్పత్రి కాగితాలన్నీ నేనే చూసేదాన్ని కనక విప్పాను. ఆయన పనిచేసిన శిబిరంలో కలరా ఆగిందట. సరిహద్దు వెంట ఉన్న మిగతా ఎనిమిదింటిలో ఆగలేదట. వానలు ముదిరేలోగా అన్ని శిబిరాలనీ ఒక చేతి కిందకి తేవాలనీ, ఆ చెయ్యి డాక్టర్ కురాతాదే కావాలనీ. మూడేళ్ళు. ఆ తరవాత అవసరాన్ని బట్టి. సెలవులో ఇంటికి వస్తున్నారు కాబట్టి ఇంట్లోవాళ్ళతో మాట్లాడి ఆగస్టు ఇరవైలోగా ఒప్పుకోలు తెలపాలి. తెలపకపోతే వేరొకరిని చూసుకుంటారు.

మూడేళ్ళన్నది ఒకసారి చదివాను. అవసరాన్ని బట్టి అన్నది నాలుగుసార్లు చదివాను. ఎనిమిది శిబిరాల పిల్లలు నా కంటికి కనిపించలేదు, అబద్ధమెందుకు. నాకు నా తొమ్మిదేళ్ళ పిల్ల కనిపించింది. ఆ పిల్ల నాన్న గొంతు మర్చిపోతానేమోనని ఆయన పాత సైకిలు గంట కొట్టుకుంటూ కూర్చునేది. నేను కనిపించాను. నాకప్పుడు ముప్ఫై ఆరు. పక్కన పరుపు చుట్ట విప్పకుండా ఎనిమిది నెలలు పడుకున్నాను. ఉత్తరం మడిచి, సామాన్ల కొట్టులో ఊమె జాడీ ఎత్తి, దాని అడుగున పెట్టి మళ్ళీ జాడీ దించాను. ఇరవయ్యో తారీకు దాటితే చాలు, ఆ తరవాత తీసి పొయ్యిలో వెయ్యొచ్చు.

ఆగస్టు పదిన మధ్యాహ్నం పడవలో దిగాడు. చినత్సు రేవు చివరిదాకా పరిగెత్తి ఆయన నడుం పట్టుకుని వేలాడింది. నేను తలకి గుడ్డ కట్టుకుని, నలుగురిలో ఎలా నిలబడాలో అలా నిలబడ్డాను. నల్లబడ్డాడు, సగమయ్యాడు, చొక్కా వేరేవాళ్ళది తొడుక్కున్నట్టుంది. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో ఎనిమిది నెలలైనా ఉండగలను అనిపించింది ఒక్క క్షణం. వెంటనే, ఎందుకుండాలి అనిపించింది.

ఇంటికి నడుస్తూ దారిలోనే అడిగాడు. "టోక్యో నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా?"

"లేదు" అన్నాను.

"రాలేదా?"

"రాలేదండీ. వస్తే దాచుకుంటానా?"

"సరే అయితే" అన్నాడు. కాసేపు నా మొహం చూశాడు. "వేరే ఎవరినో చూసుకుని ఉంటారు. మంచిదే. ఇక్కడే ఉండిపోతాను."

చినత్సు ఎగిరి గంతేసింది. "ఒట్టు? అక్టోబరులో మా బడి ఆటల పోటీకి వస్తావా? నాన్నలు తాడు లాగే పోటీ ఉంటుంది, ప్రతిసారీ నా తరఫున అమ్మే లాగుతోంది!"

"లాగుతాను. మీ అమ్మ కంటే గట్టిగా లాగుతానో లేదో మాత్రం చెప్పలేను" అన్నాడాయన. మా అత్తగారు గుమ్మంలోనే కొడుకుని పైనుంచి కిందికి తడిమి, లోపలికెళ్ళి నీడ పళ్ళెం కడిగి పై అరలో పెట్టేసింది. నాకు కావలసింది నాకు దొరికింది. ఆ సాయంత్రం అన్నం వండుతూ పాట కూడా పాడానట. చినత్సు చెప్తుంది.

మర్నాటి నుంచి ఆస్పత్రి వరండా నిండిపోయింది. ఎనిమిది నెలలుగా దాచుకున్న నొప్పులన్నీ మోసుకొచ్చారు జనం. హమా మోకాలు పట్టుకుని ఆయన, "బావి మీద మూత వేస్తున్నావా?" అని అడిగాడు.

"ఇదిగో, మొదలెట్టాడు! నా మోకాలి సంగతి చెప్పవయ్యా మహానుభావా, బావి నడిచి రాలేదు నీ దగ్గరికి" అంది హమా. వరండా అంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు.

కానీ నేను చూస్తూనే ఉన్నాను. పెళ్ళానికి కనిపించినట్టు ఎవరికి కనిపిస్తుంది? చినత్సు పళ్ళు తోముకుంటూ కుళాయి వదిలేస్తే వెళ్ళి కట్టేసేవాడు. కోప్పడేవాడు కాదు, కట్టేసి చేతిలో పడిన నీళ్ళని చూస్తూ నిలబడేవాడు. పుచ్చకాయ ముక్కలు కోసి పెడితే తినే ముందు ఎంతమందికని లెక్కపెట్టేవాడు, నలుగురమే అని తెలిసీ. పిల్ల పక్కన కూర్చుంటే చాలు, ఆయన చెయ్యి తనంతట తాను పోయి దాని మోచేతికి పైన వేళ్ళు చుట్టి పట్టుకునేది. బొటనవేలు, నడిమివేలు ఎక్కడ కలుస్తాయో చూసేది.

"నాన్నా, చక్కిలిగిలి!"

"బొద్దుగా ఉన్నావు" అనేవాడు. ఆ మాట అనగానే మొహం తిప్పుకునేవాడు. అక్కడ పిల్లల తిండి సరిపోతోందో లేదో అలాగే చూస్తారని నాకు ఉత్తరాల్లో చదివి తెలుసు. ఆ వేళ్ళు కలిసిపోయే చేతులు ఎన్ని పట్టుకుని వచ్చాడో.

చనిపోయిన పెద్దలు ఇంటికొస్తారనే బోన్ పండగ మూడు రోజులూ ఊరంతా డప్పు చుట్టూ తిరిగి ఆడింది. నేను మా ఆయన పక్కన ఆడాలని కొత్త నూలు కిమోనో కుట్టుకున్నాను, ముదురు నీలం మీద తెల్ల గీతలు. వెతికితే ఆయన మంచినీళ్ళ తొట్టి దగ్గర ఉన్నాడు. మూత ఎత్తి, లోటా తాడు ఎంత పొడుగుందో చూస్తున్నాడు. అందరి చేతులూ నీళ్ళలో పడుతున్నాయట. నేను వెళ్ళి చెయ్యి పట్టి లాగితే వచ్చాడు. బాగానే ఆడాడు, అడుగు తప్పలేదు. పక్కనే ఉన్నాడు. ఆయన మీద బెంగ ఎనిమిది నెలల్లో ఎప్పుడూ వెయ్యనంత ఆ రాత్రి వేసింది నాకు. ఎదురుగా ఉన్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆగస్టు ఇరవై వచ్చింది. ఇంక ఈ ఒక్కరోజు గడిస్తే అయిపోతుందని లేచాను. అన్నం వండాను, చేప కాల్చాను, చారు పోశాను. అత్తగారికి, చినత్సుకి, ఆయనకి, నాకు పెట్టాను. ఆయన తినడం మొదలుపెట్టాడు కూడా. నా చేతులు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. ఏం చేస్తున్నాయో నాకు తెలీదు. పై అరలోంచి పళ్ళెం దించి, అన్నం వేసి మూత పెట్టి, తీసుకెళ్ళి కిటికీ కింద ఆయన ఫోటో ముందు పెట్టి, అలవాటు చొప్పున దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగాను.

అందరూ నన్నే చూస్తున్నారు.

"అమ్మా, నాన్న ఇక్కడే ఉన్నాడుగా!" అంది చినత్సు.

మా అత్తగారి చేతిలోంచి అన్నం తినే పుల్లలు జారాయి. "ఏమే, నీకు మతిగాని పోయిందా? ఇంట్లో కూర్చున్న మనిషి ఫోటోకి అన్నం పెడతావా? అది పోయినవాళ్ళకి పెట్టేది! నిన్నగాక మొన్న బోన్ అయింది, శుభమా అంటూ... తియ్యి, తియ్యి ముందు!"

ఆయనే లేచాడు. ఫోటో ముందు నుంచి పళ్ళెం తెచ్చుకుని తన పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు. "ఏం కాలేదమ్మా, ఎందుకలా అరుస్తావు? నాకు ఇద్దరి ఆకలుంది" అని రెండు గిన్నెల్లోంచీ తిన్నాడు. చినత్సు పడీపడీ నవ్వింది. మా అత్తగారు కీడు పోవాలని ఉప్పు తెచ్చి గుమ్మంలో చల్లింది. ఆయన నవ్వుతూనే తిన్నాడు కానీ, తింటున్నంతసేపూ కళ్ళు కిటికీ అవతలే ఉన్నాయి.

నేను గిన్నెలు కడుగుతూ నిలబడిపోయాను. మతి పోలేదు నాకు. ఆయన ఇంట్లో లేడని నా చేతులకి నాకంటే ముందు తెలిసిపోయింది. ఇక్కడ నేను పెట్టిన అన్నం తింటున్నదెవరో గాని, మా ఆయన ఇంకా ఆ గుడారాల మధ్యే తిరుగుతున్నాడు. ఇలా ఈయన్ని ఇంట్లో పెట్టుకుని, ఫోటోని చూసుకుంటూ ఎన్నేళ్ళు బతకను?

మధ్యాహ్నమంతా కొట్టు గుమ్మంలో కూర్చున్నాను. ఇరవయ్యో తారీకు దానంతటదే పోతోంది, నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, కూర్చుంటే చాలు. నాలుగింటికి లేచి జాడీ ఎత్తాను. కాగితం మీద జాడీ అడుగు ఎర్రగా గుండ్రంగా అచ్చుపడింది, ఉప్పు పేరుకుంది.

ఆయన ఆస్పత్రిలో ఒక్కడే ఉన్నాడు, సీసాలు తుడుస్తున్నాడు. బల్ల మీద పెట్టాను.

"జూలైలోనే వచ్చింది. నేను దాచాను."

ఆయన ఉత్తరం తీసుకున్నాడు. ఆ ఎర్ర అచ్చుని వేలితో తడిమాడు. విప్పలేదు.

"చదవరేం? ఇవాళే ఆఖరు. అయిదింటికి పోస్టాఫీసు మూసేస్తారు, తంతి ఇవ్వాలంటే ఇప్పుడే బయల్దేరాలి" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. "నన్ను తిట్టండి. ఏదో ఒకటి అనండి."

"నువ్వు వెళ్ళమంటున్నావా?"

"వెళ్ళమనట్లేదు. వెళ్ళమని నేనెందుకంటాను? నాకు మీరు కావాలి. ఇలా కాదు, మొత్తం మనిషి కావాలి. ఆ మనిషి అక్కడున్నాడు. నేనేం చెయ్యను?"

ఆయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. కొండ దిగి పోస్టాఫీసు వైపు వెళ్తుంటే వెనక నుంచి చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక మొదటిసారి మా ఆయన నడకలా నడిచాడు.

చినత్సుకి ఆ సాయంత్రమే చెప్పాడు. అది ఏడవలేదు. "తాడు మళ్ళీ అమ్మే లాగుతుంది" అని సైకిలు దగ్గరికి పోయి కూర్చుంది. మిగిలిన మూడు రోజులూ పొద్దున్నే దాన్ని తీసుకెళ్ళి ఈత నేర్పాడు. మా అత్తగారు కొడుకు పెట్టె సర్దుతూ రెండు ఊమె డబ్బాలు ఎక్కువ పెట్టింది.

ఇరవై నాలుగున పొద్దున రేవుకి ఇద్దరమే వెళ్ళాం. పిల్ల రానంది. పడవలోకి సామాను ఎక్కించాక, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పాలని వచ్చాడని తెలుస్తూనే ఉంది.

"సుమియె, నీకు చెప్పకుండా వెళ్తే బాగుండదు. ఆ ఉత్తరం నకలు నేను శిబిరం నుంచి బయల్దేరేనాడే నా చేతికిచ్చారు. నా పెట్టెలోనే ఉంది."

నాకు ముందు అర్థం కాలేదు. "అంటే, దిగిన రోజు దారిలో అడిగినప్పుడు..."

"తెలిసే అడిగాను."

"నేను లేదన్నాను కదా!"

"అన్నావు. అప్పుడే నిర్ణయించుకున్నాను. ఇరవై దాటేదాకా నువ్వు ఇవ్వకపోతే ఉండిపోదామని. ఆ మాట ఇంక ఎప్పుడూ ఎత్తకూడదని." తల దించుకున్నాడు. "ఉండిపోయేవాణ్ణి. నిజంగా."

ఆయన్ని అక్కడే, అందరూ చూస్తుండగానే, రెండు చెంపలూ వాయించాలనిపించింది. లక్షల మందికి బావులెక్కడ తవ్వాలో, దొడ్లెక్కడ తవ్వాలో తేల్చగలిగినవాడు, తన ఇంటి సంగతి తేల్చే భారం మాత్రం నా నెత్తిన పెట్టి పది రోజులు పుచ్చకాయ తింటూ కూర్చున్నాడు. పడవ కూత పెట్టింది.

"ఎక్కండి, వెళ్ళిపోతుంది" అన్నాను.

ఆయన పంతొమ్మిదేళ్ళు తిరిగాడు. ఆ సరిహద్దు అయ్యాక ఇంకో సరిహద్దు, ఒక వరద అయ్యాక ఇంకో కరువు. ఆయన కింద పనిచేసినవాళ్ళు ఇప్పుడు దేశదేశాల్లో ఉన్నారు. మధ్యమధ్య పది రోజులు, పదిహేను రోజులు ఇంటికొచ్చేవాడు. ఆఖరి జబ్బు కూడా అక్కడే వచ్చింది, అక్కడే పోయాడు. ఆ తరవాత ఎవరెవరో పడవెక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. భాష రానివాళ్ళు కూడా నా చేతులు పట్టుకుని తల వంచేవాళ్ళు. మీరు పంపబట్టే కదా అనేవాళ్ళు. నేనూ వంగి దణ్ణం పెట్టి టీ ఇచ్చేదాన్ని. వాళ్ళ పిల్లల ఫోటోలు చూసి సంతోషించేదాన్ని, అది అబద్ధం కాదు.

కానీ వాళ్ళు వెళ్ళాక ఒక్కటే గుర్తొస్తుంది. ఆ రోజు పోస్టాఫీసు మూసేది అయిదింటికి. నేను ఉత్తరం తీసుకెళ్ళి ఇచ్చింది నాలుగింటికి. తప్పు చేశానని అనను, మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ ఇస్తాను. అయినా ఇంకొక్క గంట ఆ కొట్టు గుమ్మంలో కదలకుండా కూర్చుని ఉంటే ఆయన పంతొమ్మిదేళ్ళూ నావి. ఆ గంట ఈ వయసులో కూడా నాకు కావాలనిపిస్తుంది.